నకళ్లలో నిలిచిన గ్రీసు

మూసీకి అటూ ఇటూ: 17వ భాగం

సాలార్‌జంగ్ మ్యూజియంలో పాశ్చాత్య శిల్పాలున్న గదుల్లో తరచూ ఒక మాట వినబడుతుంది: "ఇవన్నీ నకళ్లేనట." ఆ మాట పడ్డాక నడక వేగం పెరుగుతుంది. అసలు బొమ్మ రోమ్‌లోనో పారిస్‌లోనో ఉంది, ఇక్కడున్నది పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్ శిల్పశాలల్లో చెక్కిన ప్రతి, దాని ముందు నిలబడి ఏం లాభం అనుకుంటారు. పాతనగరం కథల్లో ఒక భాగం ఆ నకళ్ల కోసమే రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఈరోజు ప్రపంచం గ్రీకు శిల్పం అని దేన్ని చూసి మురిసిపోతోందో, అందులో పేరున్న బొమ్మలు చాలావరకు నకళ్లే. నకలు తీసినవాళ్లే లేకపోతే మనకు గ్రీసు ముఖమే తెలిసేది కాదు.

డిస్కస్ విసిరే యువకుడి బొమ్మ చూడనివాళ్లు ఉండరు. నడుం వంచి, చెయ్యి వెనక్కి చాచి, విసరబోయే క్షణంలో ఆగిపోయిన ఆ శరీరం మన పాఠ్యపుస్తకాల్లోనూ ఉంది, ఆటల పోటీల సర్టిఫికెట్ల మీదా ఉంది. మైరాన్ అనే శిల్పి క్రీస్తుపూర్వం 450 ప్రాంతంలో దాన్ని కంచుతో పోతపోశాడు. ఆ కంచు బొమ్మ ఇప్పుడు ఎక్కడా లేదు. కంచు ఖరీదైన లోహం. రాజ్యాలు మారినప్పుడు, యుద్ధాలు వచ్చినప్పుడు, నాణేలకు కొరత పడినప్పుడు కొలిమిలోకి ముందుగా వెళ్లేవి విగ్రహాలే. మనం చూస్తున్నవి ఆ తరవాత కొన్ని వందల ఏళ్లకు రోమన్ శ్రీమంతులు తమ తోటలకూ స్నానవాటికలకూ పాలరాతిలో చెక్కించుకున్న ప్రతులు. అందులో ఒకటి 1781లో రోమ్‌లో బయటపడింది. హాడ్రియన్ చక్రవర్తి విల్లా శిథిలాల్లో దొరికిన ఇంకొకటి బ్రిటిష్ మ్యూజియం చేరింది. ఈ రెండో దానికి తల విరిగి ఉంటే బాగుచేసినవాళ్లు ఒక తల తెచ్చి తప్పు దిక్కుకు తిప్పి అతికించారు. మొదటి బొమ్మలో యువకుడు వెనక్కి తిరిగి తన చేతిలోని డిస్కస్‌ను చూస్తాడు, రెండోదానిలో నేలను చూస్తాడు. అసలు పోయాక, మైరాన్ మనసులో ఏముందో తేల్చడానికి మనకున్న ఆధారమల్లా ఒక నకలును మరో నకలు పక్కన పెట్టి చూడడమే.

ఆ రోమన్ శిల్పులు ఎలా పనిచేశారో చెప్పే సాక్ష్యం 1954లో దొరికింది. నేపుల్స్ దగ్గర సముద్రపు ఒడ్డున బాయా అనే ఊరుంది. అక్కడి ప్రాచీన స్నానశాలల శిథిలాల్లో పగిలిన ప్లాస్టర్ ముక్కలు వందలకొద్దీ బయటపడ్డాయి. ఒక చెయ్యి, ఒక చెవి పక్కన జుట్టు, ఒక చీర కుచ్చెళ్లలాంటి వస్త్రపు మడత. పండితులు ఒక్కొక్కటే పోల్చి చూడగా అవి గ్రీకు కంచు విగ్రహాల మీద నేరుగా అచ్చు తీసి పోసిన ప్లాస్టర్ పోతలని తేలింది. అందులో ఒక ముఖపు ముక్క ఏథెన్స్ నగరకూడలిలో క్రీస్తుపూర్వం 477లో నిలబెట్టిన ఇద్దరు వీరుల జంట విగ్రహంలో పెద్దవాడిది. కంచు మీంచి అచ్చు, అచ్చులో ప్లాస్టర్, ఆ ప్లాస్టర్ చూసి కొలతలు తీసుకుంటూ పాలరాయి: ఇన్ని చేతులు మారాక గాని గ్రీకు కళ మనదాకా రాలేదు. 1764లో ప్రాచీన కళాచరిత్ర రాసి, గ్రీకు శిల్పాన్ని యూరప్‌కంతటికీ ఆదర్శంగా నిలబెట్టిన జర్మన్ పండితుడు విన్కెల్‌మన్ జీవితంలో ఒక్కసారి కూడా గ్రీసులో అడుగుపెట్టలేదు. ఆయన చూసినవి రోమ్‌లోని ప్రతులు.

ఇంత తెలిశాక మ్యూజియంలోకి మళ్లీ వెళ్దాం.

అక్కడ తనకంటూ వేరే గది ఉన్నది మేలిముసుగు రెబెక్కా. హైదరాబాదు చూడవచ్చిన చుట్టాన్ని ఎవరు తీసుకువెళ్లినా ముందు ఆమె దగ్గరికే తీసుకువెళతారు, తరవాత గంటలు కొట్టే గడియారం దగ్గరికి. ఆమెను చెక్కినవాడు జొవాన్ని మరియా బెంజోని. 1809లో ఉత్తర ఇటలీలో ఒక కొండ పల్లెలో పుట్టి, రోమ్‌లో పెద్ద శిల్పశాల నడిపి, 1873లో చనిపోయాడు. మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీఖాన్ 1876లో ఇంగ్లండు వెళుతూ రోమ్‌లో ఆగినప్పుడు ఈ బొమ్మను కొన్నాడు. ఆ ప్రయాణంలో ఆయన మనసంతా బేరార్ మీద ఉంది. 1853లో కంపెనీ చేతికి వెళ్లిన ఆ సీమను తిరిగి అడగాలన్నది ఆయన జీవితకాలపు పట్టుదల. బేరార్ తిరిగి రాలేదు. రెబెక్కా మాత్రం ఓడెక్కి వచ్చింది.

కథ బైబిల్‌ది. పెళ్లికూతురిగా ఒంటె మీద వస్తున్న రెబెక్కా పొలంలో ఎదురుగా నడిచి వస్తున్న ఇస్సాకును చూసి, తనకు కాబోయే భర్త అతడేనని తెలిసి, దిగి ముసుగు వేసుకుంటుంది. ఆ ఇస్సాకునే ముస్లింలు ఇస్‌హాక్ ప్రవక్తగా గౌరవిస్తారు. అందుకే పాతనగరం ఇంటి ఆడవాళ్లకు ఈ బొమ్మ పరాయిది కాదు. బుర్ఖాలో ఉన్న తల్లి తన కూతురికి ఆ రాతి ముసుగును చూపించి చెబుతుంటే నేను చాలాసార్లు పక్కన నిలబడి విన్నాను. కళాచరిత్ర పుస్తకాల్లో అంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

కథ యూదులది, చేతిపని ఇటలీది. అయితే ఆ విద్య వేరు గ్రీసులో ఉంది. గుడ్డ ఒంటికి అంటుకున్నట్టు, లోపలి ఆకారం తెలిసేట్టు రాతిని చెక్కడం ఏథెన్స్ శిల్పులు సాధించిన ఘనత. పార్థినాన్ ఆలయం క్రీస్తుపూర్వం 447లో మొదలై 432కల్లా పూర్తయింది. దాని తూర్పు ముఖంలో ఆనుకుని కూర్చున్న, పడుకున్న దేవతల మీద తడిసిన చీరలా వస్త్రం జారుతుంది. మోకాలి మీద బిగుతు, ఒడిలో కుప్ప, భుజం మీంచి జారిన చోట సన్నటి గీతలు. రాయి పారదర్శకం కాదు. చూసే కంటికి పారదర్శకంగా తోచేలా చేయడంలోనే విద్య అంతా ఉంది. రెబెక్కా ముసుగును దగ్గరగా చూడండి. ముక్కు, పెదవులు, గడ్డం ఉన్నచోట శిల్పి గుడ్డను ఒంటికి చేర్చి మెత్తగా నున్నచేశాడు. పక్కన మడత అంచును పల్చగా, పదునుగా నిలబెట్టాడు. ఆ పదునైన అంచును చూసిన కన్ను మిగతాదాన్ని గుడ్డగా నమ్ముతుంది, దాని వెనుక ముఖాన్ని తనే పూర్తిచేసుకుంటుంది. వెలుగు పాలరాతి పలుకుల్లోకి కొద్దిగా దిగి వెనక్కి రావడం ఆ నమ్మకానికి తోడవుతుంది.

ఈమె కూడా ఒక్కతే కాదు. బెంజోని శిల్పశాలలో ఇదే రెబెక్కాను అడిగినవారికి అడిగినట్టు చెక్కి ఇచ్చేవారు. ముందు మట్టితో బొమ్మ, దాని మీంచి ప్లాస్టర్ పోత, ఆ పోత మీద గుర్తులు, ఒక్కో గుర్తు లోతును కొలత చట్రంతో పాలరాతిలోకి మార్చడం. ఆ పని సహాయకులది, చివరి మెరుగు గురువుది. బాయాలో రోమన్లు చేసిన పనికీ దీనికీ పద్ధతిలో తేడా తక్కువ. ఇంకో రెబెక్కా అమెరికాలో అట్లాంటా నగరం హై మ్యూజియంలో ఉంది. ఆ ఊళ్లో మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. తీరిక చేసుకుని ఒకసారి వెళ్లి, ఇక్కడి ముసుగు మడతకూ అక్కడి మడతకూ పోలిక చూస్తే ఏ చెయ్యి తేలిక, ఏ చెయ్యి బరువు అనేది పట్టుబడుతుంది.

మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో వారసులు లేకుండా చనిపోయాక, 1951 డిసెంబర్ 16న సాలార్‌జంగ్‌ల నివాసమైన దివాన్ దేవిడీలో నెహ్రూ చేతుల మీదుగా మ్యూజియం తెరుచుకుంది. ఇప్పుడున్న భవనంలోకి 1968లో మారింది. దాదాపు 43,000 వస్తువులు. వాటిలో గ్రీకు దేవతల బొమ్మలను కేవలం నవాబుగారి వేడుకగా తీసెయ్యడం నాకు సమ్మతం కాదు. ఓడ టికెట్టు ఏ జన్మలోనూ కొనలేని షాలిబండ పిల్లవాడు, నగరానికి పరీక్షలు రాయడానికి వచ్చిన నల్లగొండ పిల్ల ఒక మనిషి ఒంటిని రాతిలో పూర్తిగా, అన్నివైపుల నుంచీ చుట్టి చూడగలిగిన మొదటి చోటు అది.

మ్యూజియం నిలబడిన పేట పేరు దారుల్‌షిఫా. పోయిన భాగంలో చెప్పుకున్నట్టు, 1595లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా అక్కడ రెండంతస్తుల ఆసుపత్రి కట్టించాడు. చదువు చెప్పే చోటూ అదే, వైద్యం చేసే చోటూ అదే. అక్కడి హకీములు చదివిన శాస్త్రం గ్రీకులదే. హిప్పోక్రటీస్‌ను వాళ్లు బుఖ్రాత్ అన్నారు, గాలెన్‌ను జాలీనూస్ అన్నారు. కళ గురించి రాస్తూ వైద్యంలోకి ఎందుకు వెళ్లాలంటే, ఆ శాస్త్రం బతికిన తీరూ శిల్పం బతికిన తీరూ ఒకటే. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ అనే క్రైస్తవ పండితుడు గాలెన్ గ్రంథాలను సిరియాక్‌లోకీ అరబ్బీలోకీ తెచ్చాడు. దొరికినన్ని గ్రీకు రాతప్రతులు పక్కపక్కన పెట్టుకుని, తప్పులు సరిచూసి, ఆ తరవాతే అనువాదానికి కూర్చునేవాడు. గాలెన్ రచనల్లో కొన్ని ఇవాళ గ్రీకులో లేవు, అరబ్బీ ప్రతిలోనే ఉన్నాయి. ఆ దారి ఇరాన్ మీదుగా గోల్కొండ చేరింది. చార్మినార్ పక్కన ఏడో నిజాం కట్టించిన నిజామియా ఆసుపత్రిలో యునానీ వైద్యుడు నాడి పట్టుకున్న ప్రతిసారీ ఆ ప్రతుల వరస ఇంకా సాగుతున్నట్టే.

మొదట శాస్త్రంగా వచ్చిన గ్రీసు, రెండు వందల ఏళ్ల తరవాత స్తంభంగా వచ్చింది. తెచ్చినవాళ్లు ఇద్దరు శత్రువులు.

మొదటివాడు ఫ్రెంచివాడు రేమాండ్. నిజాం అలీఖాన్ సైన్యానికి కవాతు నేర్పి, ఫిరంగులు పోతపోయించిన దళపతి. జనం నోట మూసారామ్ అయ్యాడు, మూసారాంబాగ్ ఆయన పేరే. 1798 మార్చి 25న చనిపోతే మలక్‌పేట అవతల ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద పూడ్చిపెట్టారు. అక్కడ సుమారు 23 అడుగుల సూదిమొన స్తూపం, దాని పక్కనే చదును కప్పుతో, చుట్టూ స్తంభాలతో చిన్న గ్రీకు గుడిలాంటి మంటపం. మినార్ లేదు, గుంబజ్ లేదు, శిలువ లేదు. దక్కన్ మట్టిలో అలాంటి సమాధి అరుదు. ఫ్రాన్సులో విప్లవం వచ్చి రాజునూ చర్చినీ పక్కకు నెట్టిన ఏళ్లవి. పాత గ్రీసు, పాత రోమ్ రూపాలు కొత్త గణతంత్రానికి గుర్తులయ్యాయి. చాలాకాలం ఇక్కడి జనం ఏటా ఆ సమాధి దగ్గర దీపం పెట్టి, అగరొత్తులు వెలిగించేవారు. ఈ శతాబ్దం తొలి ఏళ్లలో వానలకు మంటపం కూలిపోయింది, తరవాత తిరిగి కట్టారు. అంటే ఇప్పుడు గుట్ట మీద కనిపించేది నకలు. అయినా తిరిగి కట్టినవాళ్లకు నమస్కారం పెట్టాలి.

రెండోవాడు ఆంగ్ల రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, హైదరాబాదు దర్బారు పిలిచిన పేరు హష్మత్‌జంగ్. తల్లిదండ్రులు గ్రీకు వీరుడి పేరు పెట్టిన ఈ మనిషే 1798 అక్టోబర్‌లో రేమాండ్ వదిలివెళ్లిన ఫ్రెంచి పటాలం చేత ఆయుధాలు పెట్టించాడు. ఆ తరవాత మూసీకి ఉత్తరాన, నగర ప్రాకారం అవతల, తన కొలువుకు భవనం కట్టించాలనుకున్నాడు. అప్పటి ఆంగ్లేయులు చెప్పుకున్న కథ ఒకటుంది. కావలసిన నేల కొలతలు పెద్ద కాగితం మీద గీసి చూపిస్తే నిజాం వద్దన్నాడట. తన రాజ్యం పటమే అంత కాగితంలో ఉంటుంటే, ఒక తోటకు అంతా ఎందుకని ఆయన అనుమానం. అదే పటాన్ని చిన్న చీటీ మీద గీసి ఇస్తే వెంటనే ఒప్పుకున్నాడట. నేల నిజాం ఇచ్చాడు, ఖర్చూ నిజాందే.

1803లో పని మొదలైంది. నమూనా గీసింది లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్. ముందువైపు ఎత్తైన ఆరు కొరింథియన్ స్తంభాలు, వాటి మీద ముక్కోణపు నుదురు, కింద వెడల్పైన మెట్ల వరస, అటూ ఇటూ రాతి సింహాలు. వాషింగ్టన్‌లోని శ్వేతసౌధం కట్టి అప్పటికి మూడేళ్లు. రెండింటికీ పోలిక ఉందని చూసినవాళ్లంతా అంటారు, రెండూ ఒకే పుస్తకాల నుంచి వచ్చాయి గనక. సరిగ్గా ఆ ఏళ్లలోనే లార్డ్ ఎల్గిన్ మనుషులు ఏథెన్స్‌లో పార్థినాన్ శిల్పాలను రంపాలతో కోసి ఓడల్లోకి ఎక్కిస్తున్నారు. ఇక్కడ కృష్ణ ఒడ్డున అమరావతి స్తూపం రాళ్లు కర్నల్ మెకంజీ కంటబడింది కూడా ఆ కాలంలోనే. ఆ రాళ్లను 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసు చేర్చాడు, 1859లో అవి లండన్ వెళ్లాయి. ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో ఏథెన్స్ పాలరాయీ అమరావతి సున్నపురాయీ ఒకే కప్పు కింద ఉన్నాయి. అటు వెళ్లిన తెలుగువాళ్లు ఒకదానికి ఇచ్చినంత సమయం రెండోదానికీ ఇవ్వాలని నా మనవి.

కోఠీలోని ఆ రెసిడెన్సీ స్తంభాల దగ్గరికి వద్దాం. కొరింథియన్ తలకట్టు మీద చుట్టూ ఆకులుంటాయి. దానికి రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్ ఒక కథ చెప్పాడు. కొరింత్ నగరంలో ఒక అమ్మాయి పెళ్లీడుకొచ్చి చనిపోతే, దాది ఆమె ఇష్టపడిన చిన్న వస్తువులను బుట్టలో పెట్టి, ఎండా వానా తగలకుండా పైన పెంకు కప్పి సమాధి మీద ఉంచింది. కింద అకాంథస్ మొక్క వేరు ఉంది. వసంతంలో ఆకులు మొలిచి బుట్టను చుట్టుకుని, పెంకు అంచు తగిలి బయటికి మెలితిరిగాయి. దారిన పోతున్న కల్లిమాకస్ అనే శిల్పి అది చూసి స్తంభానికి తలకట్టుగా మలిచాడు. ఆ మొక్కను ఎన్నడూ చూడని మన మేస్త్రీలు ఆ ఆకును కోఠీలో తీర్చారు, అదీ పాలరాతిలో కాదు. లోపల ఇటుక, పైన గచ్చు. గానుగలో తిప్పిన డంగు సున్నాన్ని పొరలు పొరలుగా పూసి, నున్నటి రాతితో రుద్ది రుద్ది పాలరాతి మెరుపు తెచ్చారు. చార్మినార్ మీద, కుతుబ్‌షాహీ సమాధుల మీద పూలూ లతలూ తీర్చిన సున్నపు పనితనం అప్పటికే రెండు వందల ఏళ్లుగా ఈ నేల మీద ఉంది. దానికి కొత్త ఆకు నేర్పారు, అంతే. రేఖలు రస్సెల్‌వి, ఆకు కొరింత్‌ది, చెయ్యి మనది. ఆ చేతుల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు, నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నిసా బేగం పర్దాలో ఉండేది, ఆమె కోసం తోటలో రంగ్‌మహల్ కట్టించాడు. ముందువైపు వచ్చి భవనాన్ని చూసే వీలు ఆమెకు లేదు గనక, రెసిడెన్సీకి బొమ్మరిల్లంత నకలు ఒకటి రంగ్‌మహల్ తోటలో కట్టించి ఇచ్చాడని చెబుతారు. ఆ చిట్టి రెసిడెన్సీ శిథిలం ఈమధ్య దాకా అక్కడ ఉంది. గ్రీకు గుడికి రోమన్లు, రోమన్లకు ఇటలీ వాస్తుకారులు, వాళ్లకు ఆంగ్లేయులు, ఆంగ్లేయుల భవనానికి ఒక హైదరాబాదీ భార్య తోటలో చిన్న ప్రతి. నకళ్ల వరసలో ప్రేమతో చేసింది ఇదొక్కటేనేమో. 1805లో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. 1857 జూలై 17న తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల వెంట నడిచిన జనం రెసిడెన్సీ మీదికే వచ్చారు, ఆ స్తంభాలు అప్పటికి పెత్తనానికి గుర్తు. స్వాతంత్ర్యం తరవాత అది ఆడపిల్లల కాలేజీ అయింది. ఏళ్ల తరబడి మరమ్మతు జరిగి 2023లో మళ్లీ తెరుచుకుంది. పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలు ఆ మెట్ల మీద ఫొటోలు దిగుతుంటే తుర్రెబాజ్‌ఖాన్ సంతోషిస్తాడనే నా నమ్మకం.

ఫలక్‌నుమా మహల్ గురించి ఎక్కువ చెప్పను. 1884లో వికారుల్ ఉమ్రా శంకుస్థాపన చేయించాడు, పదేళ్ల పని, అయోనిక్, కొరింథియన్ స్తంభాల వరసలు, ఇటలీ పాలరాయి. 1897లో ఆరో నిజాం చేతికి వచ్చింది, 2010 నుంచి హోటలు. అందంగా ఉంటుంది. కానీ కోఠీ గచ్చులో ఉన్న సాహసం అక్కడ నాకు కనబడదు, డబ్బు కనబడుతుంది.

ఇక్కడో సంగతి మరవకూడదు. గ్రీకు రూపం తెలుగునేల మీదికి ఆంగ్లేయుల వెంట మొదటిసారి వచ్చింది కాదు. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో గ్రీకులో భూగోళం రాసిన టాలెమీకి మన తీరం మైసోలియాగా తెలుసు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కట్టడాల మధ్య దొరికిన ఒక స్తంభం మీద గడ్డంతో, ఒంటి మీద సగమే బట్టతో, చేతిలో కొమ్ము పాత్ర పట్టుకున్న మనిషి ఉన్నాడు. గ్రీకుల మద్యదేవత డయోనైసస్ పోలికలని తవ్వినవాళ్లు గుర్తించారు. ఆ శిల్పి కూడా ఓడల మీద వచ్చిన ఏ పాత్ర మీదో బొమ్మ చూసి, పల్నాటి సున్నపురాతిలో తన తీరులో చెక్కి ఉంటాడు.

ఇప్పుడు రంగు మాట. గ్రీకు శిల్పం అనగానే మనసులో తెలుపే మెదులుతుంది. విన్కెల్‌మన్ ఆ తెలుపును పవిత్రం చేశాడు. 1937–38లో బ్రిటిష్ మ్యూజియంలో కొందరు పనివాళ్ల చేత పార్థినాన్ శిల్పాలను రాగి పనిముట్లతో గీకించి మరీ తెల్లగా చేయించారు, అది బయటపడి పెద్ద గొడవైంది. నిజానికి ఆ దేవతలకు రంగులుండేవి. నీలం, ఎరుపు, పసుపు, కళ్లకు నలుపు. జర్మన్ పండితుడు విన్సెన్స్ బ్రిన్‌క్‌మన్, ఆయన భార్య ఉల్రికే రాతి మీద మిగిలిన రంగు పలుకులను పరీక్షించి ప్లాస్టర్ ప్రతులకు ఆ రంగులు వేసి 2003లో మ్యూనిక్‌లో ప్రదర్శించారు. యూరప్‌లో చాలామంది కంగుపడ్డారు. 2009లో పార్థినాన్ శిల్పాల మీదే ఈజిప్షియన్ నీలం జాడ దొరికింది. పాతనగరంలో పెరిగినవాడికి ఇందులో కంగు ఏముంది? ఆషాఢంలో లాల్‌దర్వాజా సింహవాహిని బోనాలు చూసినవాడికి దేవత అంటే పసుపూ కుంకుమా కళ్లకు కాటుకా. బాద్‌షాహీ ఆషుర్‌ఖానా గోడల మీద కుతుబ్‌షాహీల నాటి పింగాణీ పలకల నీలం, పసుపు నాలుగు వందల ఏళ్లుగా మెరుస్తున్నాయి. బ్రిన్‌క్‌మన్ ప్రతులు హైదరాబాదు వస్తే యూరప్ కంటే మనమే వాటిని తేలిగ్గా గుర్తుపడతాం. తెలుపుకు అలవాటుపడని కన్ను ఉండడం మన బలం.

గత డెబ్భై ఏళ్ల పాశ్చాత్య కళ ఆ తెలుపుతోనే తగవు పెట్టుకుంది, ఆశ్చర్యమేమిటంటే ప్రతిసారీ ఆయుధం నకలే. 1962లో ఈవ్ క్లైన్ ప్లాస్టర్ వీనస్‌ను ఒళ్లంతా గాఢనీలంలో ముంచాడు. 1967లో ఇటలీలో పిస్తొలెత్తో తోటల అలంకారానికి అమ్మే సిమెంటు వీనస్‌ను తెచ్చి, పాతగుడ్డల గుట్టకు ముఖం పెట్టి నిలబెట్టాడు. తెల్లటి దేవత వీపు మనవైపు, ఆమె ముందు జనం తొడిగి పారేసిన రంగురంగుల పేలికలు. 2023లో నేపుల్స్ కూడలిలో నిలబెట్టిన దాని పెద్ద ప్రతికి ఎవరో నిప్పుపెడితే, మళ్లీ కట్టారు. 2013లో జెఫ్ కూన్స్ హెర్క్యులీస్ ప్లాస్టర్ పోత భుజం మీద నీలపు అద్దం గోళం ఉంచాడు, అందులో చూసేవాడి ముఖమే కనబడుతుంది. కూన్స్ ధరలు నాకు కిట్టవు గాని ఆ గోళం మంచి ఆలోచన.

వీళ్లందరికంటే మనకు దగ్గరివాడు షాంఘై కళాకారుడు షూ జెన్. పార్థినాన్ తూర్పు ముఖపు దేవతల్లో చాలామందికి తలలు లేవు. చైనా గుహాలయాల్లో బౌద్ధ విగ్రహాలకూ దొంగలు తలలు నరికారు. షూ జెన్ రెండింటి ప్రతులూ పోయించి, తల లేని గ్రీకు దేవత మెడ మీద తల లేని బోధిసత్వుణ్ణి తలకిందులుగా, మెడకు మెడ ఆనించి నిలబెట్టాడు. ఒకరి లోటు మీద ఒకరు నిలబడ్డారు. తూర్పు పడమర కలిశాయని ఉపన్యాసం లేదు. తల కోల్పోయిన రెండు నాగరికతలు ఒకదాని బరువు ఒకటి మోస్తున్నాయి. నాకు తెలిసిన సమకాలీన శిల్పంలో గ్రీసును ఆసియా కంటితో చూసిన ఇంత గట్టి పని ఇంకోటి లేదు.

అలాంటి పనికి కావలసిన సరుకు మన దగ్గర తక్కువేమీ లేదు. చాంద్రాయణగుట్ట నుంచి పహాడీషరీఫ్ దాకా రోడ్డు వెంట ఫంక్షన్ హాళ్లు చూడండి. గేటుకు కొరింథియన్ స్తంభాలు, వేదిక వెనుక ఫైబర్ వీనస్, పైన ముక్కోణపు నుదురు మీద ఉర్దూలో హాలు పేరు, రాత్రయితే గులాబీ, ఆకుపచ్చ దీపాలు. ఆ అకాంథస్ ఆకును రబ్బరు అచ్చులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి, గట్టిదనానికి పీచు కలిపి, ఆరబెట్టి, బంగారు రంగు పూసే పిల్లలకు విట్రూవియస్ పేరు తెలియదు. కానీ బాయాలో దొరికిన ముక్కల్ని వాళ్ల చేతిలో పెడితే ఏ పక్క అచ్చు అతుకు, ఏ పక్క పోత మందం అని తడుముకోకుండా చెబుతారు. ఆ పనిని చౌకబారు అలంకారమని చదువుకున్నవాళ్లు పెదవి విరుస్తారు. ఆరు లక్షల పెళ్లిలో ఒక రాత్రి కోసం పార్థినాన్ నిలబెట్టి, రంగు దీపాలు వేసి, పొద్దున్నే పక్కకు తీసే ఈ విద్యే గ్రీకు గుడిని దాని అసలు రంగులకు దగ్గరగా తెచ్చిందని నేను అంటాను. మన ఫైన్ ఆర్ట్స్ కాలేజీల విద్యార్థులు ఏథెన్స్ వెళ్లక్కరలేదు. ఒక నెల ఆ అచ్చుల షెడ్డులో కూర్చుని, ఒక నెల రెబెక్కా ముందు కూర్చుని, ఒక నెల కోఠీ స్తంభాల మీద గచ్చు ఊడినచోట ఇటుకను చూసి రావాలి. ఏం చేస్తారో చూడాలని ఉంది.

మ్యూజియం వారికీ ఒక విన్నపం. ప్రతి గ్రీకు బొమ్మ కింద పేరు ఒక్కటే కాకుండా, దాని వంశం రాయండి: అసలు ఏ లోహంలో ఉండేది, ఎప్పుడు పోయింది, రోమన్ ప్రతి ఎక్కడ దొరికింది, అక్కడి నుంచి ఇక్కడికి ఏ నగరం మీదుగా వచ్చింది. తెలుగు, ఉర్దూ రెండింట్లోనూ రాయండి.

వచ్చే భాగంలో 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద. ఆ వరద తరవాత నగరాన్ని తిరిగి కట్టే పనికి పిలిపించిన వాస్తుకారుడు విన్సెంట్ ఎష్ గ్రీకు స్తంభాన్ని పూర్తిగా పక్కనపెట్టి, హైకోర్టుకు గుంబజ్‌లు ఎందుకు ఎత్తాడో చూద్దాం.